ఎర్ర దారం బొత్తాం

"పోయాడట!" అంటూ కుట్టు దుకాణంలోకి వచ్చాడు కండక్టరు, బిగుతైన ప్యాంటు వదులు చేయించుకోవడానికి.

"ఎవరు?" మిషను తొక్కుతూనే అడిగింది టైలరక్క.

"ఇంకెవరు, ఇన్నేళ్ళు మనల్ని నవ్వించిన ఆ హాస్యనటుడు. రాత్రి మత్తుమందు ఎక్కువైందట. టీవీ పెట్టండి."

బల్ల దగ్గర గుడ్డ కత్తిరిస్తున్న తమ్ముడి చేతిలో కత్తెర ఆగిపోయింది.

టీవీ నిండా అదే వార్త. పక్కకొట్టు పాలాయన కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. పాపం, ఈ చచ్చినవాడికి ఆ మాత్రం మర్యాద కూడా దక్కలేదు.

"తిన్నది అరక్క చేసే పనులండీ ఇవి," అన్నాడు కండక్టరు.

"డబ్బెక్కువైతే ఒళ్ళు కొవ్వెక్కుతుంది. మనకి లేదు కాబట్టి బతికిపోయాం," అన్నాడు పాలాయన.

"పీడా విరగడైంది," అంది టైలరక్క, అందరికంటే గట్టిగా.

ఆమె కోపానికి కారణం ఉంది. తల్లిలా సాకిన తమ్ముడు కొన్నేళ్ళు అదే ఊబిలో కూరుకుపోయాడు. ఒకసారి స్పృహలేకుండా దొరికితే, బతుకుతాడో లేదో తెలియక ఆస్పత్రి వరండాలో తెల్లవార్లూ కూర్చుంది. ఇప్పుడిప్పుడే మళ్ళీ మనిషవుతున్నాడు. మత్తు మానేసినవాళ్ళ సమావేశానికి వారం వారం వెళ్తున్నాడు. కత్తెర పట్టాడు. కడుపునిండా తింటున్నాడు. మళ్ళీ ఎక్కడ జారిపోతాడోనని ఆమె మాత్రం ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని బతుకుతోంది.

అందుకే నిన్న ఆ మాస్కు మనిషిని తరిమేసింది.

మూతికి మాస్కు, కళ్ళ మీదికి టోపీ. అప్పుడప్పుడూ వచ్చి సందు చివర నిలబడేవాడు. తమ్ముడు పని వదిలేసి పరుగెత్తేవాడు. ఇద్దరూ గోడ వారన చేరి ఒకటే గుసగుసలు. ఎవర్రా అంటే "తెలిసినాయన" అనేవాడు, అంతే. మంచివాడైతే మొహం దాచుకోవడం దేనికి? సరుకు అమ్మేవాడేనని ఆమె తేల్చేసుకుంది.

నిన్న సాయంత్రం మొదటిసారి నేరుగా దుకాణంలోకే వచ్చాడు.

"తమ్ముడున్నాడా అక్కా?"

"లేడు. లైనింగు గుడ్డకి వెళ్ళాడు. ఉన్నా పంపను."

"కాసేపు కూర్చోనా?"

"ఇదేమన్నా సత్రమా? వాడిప్పుడిప్పుడే బాగుపడుతున్నాడు. నీకు దణ్ణం పెడతాను, వాణ్ణి వదిలెయ్."

అతను కుర్చీ వీపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తెల్ల చొక్కా ముంజేతి దగ్గర బొత్తాం ఊడి వేలాడుతోంది.

వేలాడే బొత్తాం కనిపిస్తే టైలరక్క చెయ్యి ఊరుకోదు. దొంగ వచ్చినా బొత్తాం కుట్టి మరీ పోలీసుకి అప్పగించే రకం. సూదిలో ఎర్ర దారం ఉంది. మార్చే ఓపిక లేక దానితోనే, చొక్కా ఒంటిమీద ఉండగానే, తిడుతూ నాలుగు పోట్లు వేసింది. అతని చెయ్యి ఒకటే వణుకుతోంది.

"కదలకు, గుచ్చుకుంటుంది," అని మణికట్టు గట్టిగా పట్టుకుంది.

దారం పుటుక్కున కొరికి, "మళ్ళీ ఈ గడప తొక్కకు. వాడికి ఫోన్లూ చెయ్యకు," అంది.

"సరే అక్కా. చెయ్యను."

బొత్తాన్ని ఒకసారి వేలితో తడుముకుని వెళ్ళిపోయాడు.

తమ్ముడికి ఈ సంగతి చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదనుకుంది.

"అదిగో, చివరి వీడియో అట," అన్నాడు కండక్టరు.

నిన్న సాయంత్రం ఆ నటుడు తన ఇంటి ముందు కారు దిగుతుంటే తీసింది. కెమెరాలకి అడ్డంగా చెయ్యెత్తి మొహం దాచుకున్నాడు. టీవీవాళ్ళు ఆ చేతి చుట్టూ సున్నా చుట్టి, పెద్దది చేసి పదే పదే చూపిస్తున్నారు.

"చెయ్యి ఎలా వణుకుతోందో చూశారా?" పాలాయన నవ్వాడు.

అందరూ వణుకే చూశారు. టైలరక్క బొత్తాం చూసింది.

తెల్ల చొక్కా. ఎర్ర దారం.

మిషను ఆగిపోయింది.

"దుకాణం కట్టేస్తున్నాను, రేపు రండి," అని ఇద్దర్నీ పంపేసి, టీవీ ఆపేసింది. వెనక్కి తిరిగేసరికి తమ్ముడు బల్ల మీద తల వాల్చి ఏడుస్తున్నాడు.

"ఆ మాస్కు మనిషి... ఇతనేనట్రా?"

తమ్ముడు తల ఊపాడు.

"మా సమావేశానికి వచ్చేవాళ్ళెవరో బయట చెప్పకూడదక్కా. అందుకే నీకూ చెప్పలేదు. అక్కడ ఒకరికొకర్ని తోడు ఇస్తారు. నాకు ఆయన్నిచ్చారు. మనసు జారినప్పుడల్లా ఫోన్ చేసేవాణ్ణి. షూటింగ్ ఆపుకుని మరీ వచ్చేవాడు. నేనింకా నీ కళ్ళెదుట ఉన్నానంటే ఆయన వల్లే."

ఆమె స్టూలు మీద కూలబడింది.

"నిన్న వచ్చాడురా. నేనే తిట్టి పంపేశాను."

తమ్ముడు తలెత్తి అక్క మొహం చూశాడు. వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. సూది పోట్లతో గరుకెక్కిన ఆమె వేళ్ళని తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"నువ్వు పిలిస్తేనే వచ్చాడు కదూ?" అంది ఆమె. "నిన్న నీకేమైనా అయిందా? నా దగ్గర దాచకు నాయనా."

దాచేద్దామనే అనుకున్నాడు. కానీ దాచుకున్నదే మనిషిని లోపలినుంచి తినేస్తుందని వాడికి నేర్పింది ఆయనే.

"నాకేం కాలేదక్కా. నేను పిలవలేదు," అన్నాడు, ఆమె చెయ్యి వదలకుండా. "నిన్న ఆయన నన్ను నిలబెట్టడానికి రాలేదు... నన్ను పట్టుకుని నిలబడదామని వచ్చాడు."