పాచి పట్టని బండలు

"ఇక్కడ పాచి ఎందుకు పట్టలేదు?"

ఇనుప బ్రష్ పక్కన పెట్టి అడిగాడు భర్త. బట్టలు ఆరేస్తున్న భార్య వెనక్కి తిరగలేదు.

"ఎక్కడ?"

"ఇదిగో, వంటింటి గుమ్మం నుంచి వెనక గోడ మూల దాకా. పెరడంతా కాలు పెడితే జారిపోయేలా ఉంది. ఈ వరస బండలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి."

"మంచిదేగా. అక్కడ రుద్దే పని తప్పింది."

అతను క్రేన్ నడుపుతాడు. ఎక్కడో దూరాన డ్యామ్ పని. ఎత్తు మీంచి చూసి, నేల మీద ఏ చిన్న తేడా ఉన్నా పసిగట్టడం అలవాటు. ఈ తేడా చిన్నదేమీ కాదు. కుళాయి కుడివైపు, బట్టల తీగ ఎడమవైపు. ఆ మూల మాత్రం ఏమీ లేదు. ఏమీ లేని చోటికి, పాచికి కూడా సందివ్వకుండా రోజూ నడిచిందెవరు?

అతను పనికి వెళ్ళాకే ఆవిడ ఈ ఇంటికి మారింది. అతను ఇందులో అడుగుపెట్టడం ఇదే మొదలు. వచ్చిన దగ్గర్నుంచీ ముసురు, గడప దాటింది లేదు. సెలవైనా సరే రోజూ ఫోన్ చేస్తానని బెదిరించి పంపిన సూపర్‌వైజరు కూడా ఎందుకో దయతలచి ఊరుకున్నాడు. ప్రాణానికి హాయిగా ఉందనుకున్నాడు. ఇవాళ కాస్త తెరిపివ్వగానే, తడుస్తుందని ఫోన్ లోపల పడేసి, పెరడు కడుగుదామని దిగాడు. ఆ హాయి కాస్తా అక్కడితో సరి.

బ్లీచింగ్ పౌడరు చల్లి, నానేదాకా ఆగి, మళ్ళీ బ్రష్ అందుకున్నాడు. మూలనున్న చివరి రెండు బండలు మరీ నున్నగా ఉన్నాయి. పక్కన గోడ మీద, సరిగ్గా భుజం ఎత్తున, సున్నం చెరిగిపోయింది. ఎవరో ఆనుకుని నిలబడ్డారు. ఒకటి రెండు రోజులు కాదు.

గోడ అవతల కుట్టుమిషన్ చప్పుడు. అతను మునివేళ్ళ మీద లేచి చూశాడు. కళ్ళజోడు ముక్కు మీదికి జారిన దర్జీ.

"ఈ మూలకి ఎవరైనా వస్తుంటారా?" ఏమీ ఎరగనట్టు అడిగాడు.

దర్జీ మిషన్ ఆపాడు. "నేను చూడలేదు బాబూ. సాయంత్రాలు మాటలైతే వినిపించేవి. ఒకరి మాటలు మనకెందుకని గట్టిగా తొక్కేవాణ్ణి."

"ఎవరి మాటలు?"

"అమ్మాయిగారివే. ఒక్కోసారి నవ్వు కూడా. వానలో సైతం గోడ మీంచి గొడుగు చివర కనబడేది. అవతలి మనిషి గొంతు మాత్రం ఎప్పుడూ వినలేదు." కళ్ళజోడు పైకి తోసుకుని, "మీరొచ్చాక ఆగిపోయాయి లెండి," అన్నాడు.

గుసగుసలాడే రకమన్నమాట, అనుకున్నాడు భర్త.

అప్పుడు గుర్తొచ్చింది. సైటులో డ్యూటీ దిగి తను ఫోన్ చేసినప్పుడు ఓసారి హోరున వాన వినిపించింది. ఎక్కడున్నావంటే, "ఇంట్లోనే, కిటికీ తెరిచుంది" అంది. ఇప్పుడు ఇల్లంతా తిరిగి చూశాడు. కిటికీలన్నీ అద్దాలు బిగించేసినవే. తెరుచుకునేది ఒక్కటీ లేదు.

స్నానం చేసి, చొక్కా మార్చుకుని, అలవాటుగా ఫోన్ జేబులో వేసుకుని గుమ్మంలో కూర్చున్నాడు. పొద్దు వాలుతోంది. ఆవిడ టీ తెచ్చింది.

"ఆ మూల రోజూ ఎవరిని కలిసేదానివి?"

కప్పు ఆవిడ చేతిలోనే ఉండిపోయింది. "ఏమన్నారు?"

"నాకు తెలియాలి. తెలియకుండా నీతో ఈ ఇంట్లో ఉండలేను. పొద్దున్నే వెళ్ళిపోతాను."

ఆవిడ అతని మొహంలోకి సూటిగా చూసింది.

"వెళ్ళిన మాట నిజమే. వానొచ్చినా, ఒళ్ళు కాలిపోతున్నా, ఒక్క సాయంత్రం మానలేదు."

"నాకు అబద్ధం కూడా చెప్పావు."

"చెప్పాను. నిజం చెబితే మాట్లాడనిచ్చేవారు కాదు."

"ఎవడు వాడు?"

ఆవిడ కప్పు గట్టు మీద పెట్టింది. "వెళ్ళి ఆ చివరి బండ మీద నిలబడండి. మీకే తెలుస్తుంది."

చెప్పులు కూడా వేసుకోకుండా పెరట్లోకి దిగాడు. పాచి లేని ఆ వరస వెంటే నడిచి, సున్నం చెరిగిన చోట భుజం ఆనించి నిలబడ్డాడు. అవతల మిషన్ చప్పుడు ఆగింది. అతను పిడికిలి బిగించి గోడ పైకి చూశాడు.

ఇల్లు చేరాక మొదటిసారి, అతని జేబులో ఫోన్ మోగింది. తెర మీద సూపర్‌వైజరు పేరు, పైన నిండుగా సిగ్నల్ గీతలు.