అడ్డగడియ

"తియ్యకే లింగవ్వా," అన్నాడు లక్ష్మణ్‌రావు దొర మంచం మీది నుంచి. "ఎవడు గుద్దినా తియ్యకు."

పడమటి కిటికీ మీద మళ్ళీ దబదబ బాదుతున్నారు. వైశాఖపు గాలిదుమారం. మిట్టమధ్యాహ్నమే చీకటి కమ్మింది. వడగండ్లు గోడను రాళ్ళతో కొట్టినట్టు కొడుతున్నాయి. తలుపు తూర్పున, గాలికి ఎదురుగా ఉంది. దాన్ని కదిలిస్తే ఇక అంతే. బయటి గొంతు గుడిసెల కొండల్‌ది. వెంట బాలింత పెళ్ళాం కిష్టవ్వ, ఆమె చంకలో పసిగుడ్డు. ఒక మేక కూడా అరుస్తోంది.

మేకను కూడా వెంటేసుకొచ్చాడు మహారాజు, అనుకుని దొర గొంగడి మెడదాకా లాక్కున్నాడు.

ఈ కిటికీల సంగతి అతనికి బాగా తెలుసు. చువ్వల్లేవు, నిండు టేకు పలకలు. ఆ టేకు దొర కంచె అడవిలో పెరిగిందే. వడ్రంగి భూమన్న పలకను పలకలోకి సందు లేకుండా దించి, ఇనుప పట్టీలు బిగించి, లోపల అడ్డగడియ పెట్టాడు. గాలికి ఇంత ఆర్భాటమా అని ఆనాడు ఊరంతా పళ్ళికిలించింది. ఊరికేం తెలుసు? గోడ కంతకు గోనెపట్టా వేలాడదీసుకుని బతికే ఊరు. గాలి గోడను తోసి ఇల్లు కూల్చదు. సందు దొరికితే లోపల దూరి, కప్పును కింది నుంచి ఎత్తి అవతల పారేస్తుంది. కిటికీ నిలిస్తే ఇల్లు నిలిచినట్టే.

ఆ మాటే లింగవ్వకు చెప్పాడు. గడియ తీస్తే పెంకులన్నీ గోదావరిలో ఏరుకోవాలన్నాడు. ఆమె పొయ్యి మీద మిరియాల కషాయం కాస్తూ విన్నది. బాంచెన్ అనలేదు. చట్టాలొచ్చి ఈ జనం చేతికి పట్టాలు చిక్కినప్పటి నుంచి ఆ మాట వీళ్ళ నోట ఎండిపోయింది. గిన్నె తెచ్చి ముందు పెడితే, ఘాటు లేదని దొర మొహం చిట్లించాడు. తాగడం మాత్రం తాగాడు.

"పసిపోరడున్నడు దొరా," అంది.

"ఉంటేంది? కిటికీలు చేసిన్నాడు నవ్వినోళ్ళల్ల వాడు లేడా? ఇయ్యాల గదే కిటికీ కింద ఏడుస్తుండు. మనిషన్నంక సిగ్గుండాలె."

ఎండలో ఇకిలిస్తారు, వానలో కాళ్ళు పట్టుకుంటారు. ఒక్కడికి తీస్తే వాడకట్టంతా వచ్చి పడుతుంది. బురద కాళ్ళు, మేక పెంటికలు, తడిబట్టల కంపు. ధర్మశాలా ఇది?

లింగవ్వ లేచి గడియ మీద చెయ్యి వేసింది. గాలి జర తగ్గేదాకా చెవి ఆనించి నిలబడింది.

"కప్పు లేస్తదే, చెప్తున్న," అన్నాడు దొర. "ఒక్కని కోసం అందరం సావాల్నా? బయిటోడు బయిటనే ఉండాలె."

ఆమె గడియ ఎత్తింది. ముందు పసిగుడ్డు చేతికొచ్చింది. తరువాత కిష్టవ్వ, మేక, చివరికి కొండల్. నెత్తి మీద పెంకులు ఒకసారి గలగలలాడాయి. అతనూ లింగవ్వా పలకను భుజాలతో తోసి మూశారు. కప్పు నిలిచింది.

మంచం దిక్కు రావద్దని, ఆ మూలకే కూర్చోవాలని దొర వాళ్ళను కసిరాడు. తరువాత లింగవ్వ మీద పడ్డాడు.

"సోయున్నదా నీకు? అడిగినోనికల్లా తీస్తవా?"

లింగవ్వ అడ్డగడియ బిగించి, చేతులు కొంగుకు తుడుచుకుని, నిమ్మళంగా చెప్పింది.

"ఇందాక మీ గడీ కప్పు లేచిపోయినంక మీరు గూడ గీ కిటికీలకెల్లే నా ఇంట్ల దూరిండ్రు, దొరా."