ఆర్డర్ మీరే చెప్పండి

“ఇవాళ ఆర్డర్ మీరే చెప్పండి,” అంటూ భార్య మెనూ కార్డు డ్రాయింగు మాస్టారి ముందుకు తోసింది.

మాస్టారు కార్డు ముట్టుకోలేదు. రెండు చెవులకూ మిషన్లున్నా, హోటల్లో ఆయనకు వినపడేది ఉత్త గోలే. ప్లేట్ల చప్పుడు, కుర్చీలు లాగే చప్పుడు, నెత్తిమీద స్పీకరు, అన్నీ కలిసి ఒకటే రొద. అందుకే ఆరేళ్లుగా ఒక పద్ధతి పెట్టుకున్నారు. సర్వరు అడిగింది భార్య ఆయన వైపు తిరిగి, పెదవులు కనపడేలా చెబుతుంది. ఆయన తనకేం కావాలో ఆమెకు చెబుతాడు. అలా ప్రతి ఆదివారం మధ్యాహ్నం హాయిగా తినేసి వెళుతున్నారు.

“ఏంటే ఈ పంతం? నలుగురిలో నా పరువు తియ్యాలనా?”

మెల్లగానే అన్నాననుకున్నాడు పాపం. చుట్టూ నాలుగు టేబుళ్లవాళ్లు తలతిప్పి చూశారు.

“చెబితే మీరు చెప్పండి. లేదంటే లేచి వెళ్లిపోదాం. ఇక హోటలు ఊసెత్తొద్దు.”

ఇంతలో నడివయసు సర్వరొకడు వచ్చి, చేతిలో పుస్తకం మీంచి తలెత్తకుండానే ఏదో గొణిగాడు. మాస్టారు భార్య వైపు చూశాడు. ఆమె బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది. ఈయనతో పనికాదనుకుని సర్వరు ఆమెనే అడిగాడు. ఆమె చిన్నగా నవ్వి, భర్త వైపు వేలు చూపించింది.

మాస్టారికి ఒళ్లు మండిపోయింది. లేచి వెళ్లిపోదామనే అనుకున్నాడు. కానీ వారం మొత్తానికి ఆయన ఎదురుచూసేది ఈ ఒక్క భోజనం కోసమే. అదీ పోతే మిగిలేది ఇల్లూ, నాలుగు గోడలూ.

“చూడు నాయనా,” అన్నాడు చివరికి, “నాకు వినపడదు. ఆ పాట కాస్త తగ్గించు. ఇలా ఎదురుగా నిలబడి, నా మొహం చూస్తూ అడుగు. అప్పటికీ అర్థం కాకపోతే రాసి చూపించు.”

ఆరేళ్లలో పరాయి మనిషితో ఆ మాట అనడం ఆయనకదే మొదలు. దానికేం ఆకాశం విరిగి మీద పడలేదు. సర్వరు వెళ్లి పాట తగ్గించి వచ్చాడు. మాస్టారు ఇద్దరికీ చేప భోజనం చెప్పాడు.

“చేప వేయించాలా, కాల్చాలా సార్?”

పెదవుల కదలిక చక్కగా తెలిసింది.

“కాల్చు. కారం తగ్గించు.”

“సూపు?”

“పుట్టగొడుగులది. రెండు.”

మూడో ప్రశ్న అందలేదు. సర్వరు పుస్తకంలో రాసి చూపించాడు: అన్నం ముందా, తర్వాతా?

“చేపతోపాటే పట్రా!”

చెప్పినవి చెప్పినట్టే వచ్చాయి. మాస్టారి మొహం చూడాలి అప్పుడు!

“చూశావా? ఒక్కటంటే ఒక్కటి తప్పు పోలేదు!” అంటూ సూపు జుర్రాడు. అంతలోనే కోపం గుర్తొచ్చింది. “అయినా అంత మొండితనం ఎందుకే? అతను నిన్నే అడిగాడుగా. ఆ ముక్కేదో నాకు చెబితే నీ సొమ్మేం పోయింది?”

ఆమె స్పూను పక్కన పెట్టి, హ్యాండ్‌బ్యాగులోంచి మడత పెట్టిన కాగితం తీసి ఇచ్చింది. చెవి డాక్టరు చీటీ. మాస్టారు కళ్లజోడు సర్దుకుని చదివాడు.

“రెండు చెవులకీ మిషన్లా? ఇవి బానే ఉన్నాయిగా, మళ్లీ నాకు కొత్తవెందుకే?”

“మీకు కాదండీ, నాకు. ఇక మీదట సర్వరు ఏమడిగాడో మీరే నాకు చెప్పాలి.”