ఒకటే కుర్చీ

“నెల్లాళ్ళు ఓపిక పట్టు బావా, రిపేరు అవగానే లిఫ్టు తాళంచెవి అందరికీ ఇచ్చేస్తా” అని మా అపార్ట్‌మెంటు అధ్యక్షుడు, అంటే నా బావమరిది, మాటిచ్చి పదేళ్ళయింది. చరిత్రలో నియంతలు ట్యాంకులేసుకొచ్చారు. వీడికి తాళంచెవి చాలింది. నచ్చనివాళ్ళు మెట్లెక్కాల్సిందే.

మీటింగులో నిలదీశాం. “నేను దిగిపోవాలనేవాళ్ళు కూర్చోండి” అన్నాడు. హాల్లో ఉన్నది ఒకటే కుర్చీ. అందులో వాడే ఉన్నాడు.

మోకాళ్ళ నొప్పులతోనే మా ఆవిడ, “దిగరా తమ్ముడూ!” అంటూ నేలమీద చతికిలబడింది. ఆమెను చూసి నేనూ వంగాను, నా వెనక మరో నలుగురు.

“అత్తయ్యా, చీర మాసిపోతుంది” అంటూ ఒకడు ఆవిణ్ణి లేపి నిలబెట్టాడు. వంగినవాళ్ళం నిటారయ్యాం. వాడే కొనసాగాలన్న తీర్మానం ఏకగ్రీవం.

ఆవిడ ఇప్పటికీ ఐదంతస్తులు ఎక్కుతోంది. బావమరిదిదేముంది, కుర్చీ దొరికినవాడెవడైనా అంతే. నేను తిట్టుకునేది లేపినవాణ్ణి. మా అల్లుణ్ణి.