బుడిగి పాత గుల్ల

ఖాళీ శంఖాల్లో కాపురముండే పీతలకి ఒక ఆచారముంది. పెద్దది కొత్త శంఖంలోకి మారితే దాని పాతదాంట్లోకి రెండోది, రెండోదాని పాతదాంట్లోకి మూడోది దూరతాయి. మన కంప్యూటర్లో ఒక్క ప్రోగ్రాం అప్‌డేట్ చేస్తే దాన్ని నమ్ముకున్నవన్నీ మారిపోతాయే, అచ్చం అలాగే.

ఆ ఉదయం బండకొండి అనే పెద్దపీతకి నిగనిగలాడే శంఖం దొరికింది. అది దూరిందో లేదో, వెనకున్న ఆరూ వరసగా ఇళ్ళు మారిపోయాయి. అన్నిటికన్నా చిన్నదైన బుడిగి వదిలేసిన గుల్ల ఒక్కటే ఇసకలో మిగిలింది.

"దీంతో ఇంకెవరికి పని?" అంటూ బండకొండి దాన్ని అలల్లోకి ఒక్క తన్ను తన్నింది.

అంతలో వీపుకి చల్లగా ఏదో తగిలింది. కొంగ ముక్కు! కొత్త శంఖానికి వెనక రేగిపండంత చిల్లుంది. బండకొండికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్క ఉదుటున పక్కకి తప్పుకుని రెండోదాని దగ్గరికి పరిగెత్తింది.

"తమ్ముడూ, నా పాతిల్లు నాకిచ్చెయ్!"

"నేనెక్కడికి పోను అన్నయ్యా? నా దాంట్లో మూడోవాడున్నాడు."

మూడోది నాలుగోదాన్ని చూపించింది, నాలుగోది ఐదోదాన్ని. బతిమాలుకుంటూ, వణుక్కుంటూ బండకొండి వరస చివరికి చేరింది. వెనకే కొంగ నింపాదిగా నడిచొస్తోంది.

"బుడిగీ, ముందు నువ్వు దిగమ్మా! నువ్వు దిగితేనే మేమంతా వెనక్కి మారగలం."

"అయ్యో, దానికేం పెదనాన్నా!" అంటూ బుడిగి అప్పటికే సగం బయటికొచ్చేసింది. "ఇంతకీ నా పాత గుల్ల ఎక్కడ పెట్టావు?"