ఆరోవాడు

మా కామిక్ పుస్తకంలోని సర్వశక్తిమంతుడికి ఆరు రూపాలు గీశాం, నేనూ బాబాయీ. బలాన్నిబట్టి వరస కట్టి, మొదటివాణ్ణి అట్టకి పంపాలి.

"నక్షత్రాల్ని మోసేవాడు ఒకటి. కాలాన్ని వెనక్కి తిప్పేవాడు రెండు," అన్నాడు బాబాయి.

నేను గీసినవాడు చచ్చిపోయిన పిల్లని ఒళ్లో పెట్టుకుని ఏడుస్తున్నాడు.

"ఏడ్చేవాడికి బలమేంటే, పిచ్చిమొహమా? వీడు ఆరు. బుట్టలో పడెయ్."

నాకు కుంచె పట్టడం నేర్పిన మనిషి. చెప్పినట్టే పడేశాను.

నెల తిరిగేసరికి పుస్తకం వచ్చింది. బుట్టలో పడ్డవాడు అట్టెక్కాడు! కింద బాబాయి సంతకం.

ఆ బొమ్మ గీసేటప్పుడు ఆరని సిరా మీద నా బొటనవేలు పడితే, ఆ మరకనే కన్నీటిచుక్కగా దిద్దాను.

అట్టమీద ఆ చుక్కలో నా వేలిగీతలు అలాగే ఉన్నాయి.