గుండుసూదితో పేచీ

"మూసిన కిటికీ అంటే దోమలు రాకుండా మూసుకున్న కిటికీ అనుకుంటారండీ. దాని వెనక కథల సంగతి ఏదో ఉందని ఎవరికి తెలుస్తుంది?"

ఫోనులో ఆ మాటలు చదివేసరికి లైబ్రేరియన్‌కు ఒళ్ళు మండిపోయింది. రాసింది ఎవరో కాదు, గుండుసూది. కథల వికీ అనే వెబ్‌సైటులో ఆ మారుపేరుతో తిరిగే మనిషెవరో ఆమెకు తెలియదు. కథల్లో పదే పదే కనిపించే పద్ధతులకు ఆ వికీలో ఒక్కోదానికి ఒక్కో పేజీ ఉంటుంది. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. షరతు మాత్రం ఒక్కటే: ఏ కథా చదవనివాడికి కూడా పేజీ పేరు చూడగానే విషయం బోధపడాలి.

భార్యాభర్తలు నోరు విప్పి ఒక్క మాట చెప్పుకుంటే సరిపోయేదాన్ని, చెప్పుకోకుండా కథ చివరిదాకా సాగదీస్తారు చూడండి, ఆ పద్ధతికి ఆమె ముద్దుగా 'మూసిన కిటికీ' అని పేరు పెట్టుకుంది. అంత అందమైన పేరును ఈ గుండుసూది వచ్చి పొడుస్తోంది.

కింద ఇంకో ముక్క కూడా ఉంది. "పేరంటే బోర్డు లాంటిది. బస్సులో పోయేవాడికి కూడా అర్థమవ్వాలి."

ఆమె వేలు తెరమీద అలాగే ఆగిపోయింది. బోర్డా?

వంటింట్లోంచి తొంగి చూసింది. దుకాణాలకు బోర్డులు రాసే ఆమె భర్త హాల్లో ఫోను పట్టుకుని కూర్చున్నాడు. గోళ్ళ సందుల్లో ఎర్రరంగు ఇంకా వదల్లేదు. కూతురు హాస్టల్‌కు వెళ్ళినప్పటి నుంచి ఆ ఇంట్లో నాలుగు మాటలు మాట్లాడేది టీవీ ఒక్కటే. "తింటారా?" అంటే "ఊఁ". "లైటు తియ్యనా?" అంటే "ఆఁ". ఎవరికీ ఎవరిమీదా కోపం లేదు. మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదంతే. అది తలుచుకున్నప్పుడల్లా ఆమెకు దిగులేసేది. ఇలాగే ముసలివాళ్ళమైపోతామా అనిపించేది.

కంచం ముందు పెడుతూ ఓ రాయి వేసి చూసింది.

"మూసిన కిటికీ అంటే మీకేం తోస్తుంది?"

ఆయన తలెత్తాడు. "ఏం, దోమలు ఎక్కువయ్యాయా?"

"ఆహా! అయితే మీరేనన్నమాట!"

"నేనేంటి?"

"చాల్లెండి నటన. కథల వికీలో నాకు అడ్డం పడుతున్న గుండుసూది! బోర్డు అనగానే పట్టేశాను."

ఆయన ఆమె ముఖంలోకి ఓసారి చూశాడు. తర్వాత ముద్ద తీరిగ్గా నమిలి, మెల్లగా నవ్వాడు.

"ఎలా కనిపెట్టావ్?"

"దొరికాడు దొంగ! ఇప్పుడు చెప్పండి, నా పేరుకేం తక్కువైంది?"

"ముందు నువ్వు చెప్పు, మొదట్నుంచీ. నీ నోటితో వింటే నాకు బాగా ఎక్కుతుంది."

ఆమె తనూ వడ్డించుకుని మొదలుపెట్టింది. ఇద్దరి చేతులూ ఎండిపోయినా ఎవరూ కంచాల ముందునుంచి లేవలేదు.

"నా దగ్గరికి ఇలాంటి పేరు తెచ్చినవాణ్ణి, ఇంతకీ నువ్వేం అమ్ముతావు నాయనా అని అడుగుతాను" అన్నాడాయన.

"నేనమ్మేది గొడవ. ఒక్క మాటతో తీరిపోయే గొడవ."

"మరి అదే రాసిపారెయ్!"

ఎంత అడ్డం తిరుగుదామన్నా ఆమెకు ఆ మాటలో వంక దొరకలేదు. మర్నాడు వికీలో అదే పేరు ప్రతిపాదించింది. సాయంత్రానికల్లా గుండుసూది జవాబు వచ్చింది: "గొడవ అంటే కొట్లాట అనుకుంటారు. ఒప్పుకోను."

ఆమె నడుముకు చెంగు దోపి హాల్లోకి వచ్చింది. "రాత్రి మీరే రాయమన్నారు. ఇప్పుడు మీరే కాదంటారేం?"

ఆయన ఒక్క క్షణం తెల్లమొహం వేశాడు. వెంటనే సర్దుకున్నాడు. "చప్పున ఒప్పేసుకుంటే మజా ఏముంది? అది సరే, ఏమన్నానో ఓసారి చదివి వినిపించు."

అలా రోజూ వికీలో ఒక పేచీ, ఇంట్లో దాని మీద ఇంకో పేచీ. ఆయన పెందలాడే షాపు కట్టేసి రావడం మొదలుపెట్టాడు. వస్తూనే "ఈవేళ నేనేమన్నాను?" అని అడిగేవాడు, ఆమె పగలబడి నవ్వేది. టీవీ రిమోటు ఎక్కడుందో ఇద్దరికీ తెలియలేదు. పేరు సంగతి ఎలా తేలినా ఫరవాలేదు గాని, ఈ పేచీ మాత్రం ఇప్పట్లో తెగకపోతే బాగుండునని ఆమెకు గట్టిగా అనిపించసాగింది.

తెగనే తెగింది. 'ఒక్క మాటతో తీరే అపార్థం' అని ఆమె మార్చి రాస్తే, గుండుసూది "ఇది పేరంటే! ఖాయం చేద్దాం" అంది. ఆ కబురు చెబితే ఆయన పిల్లకు ఫస్టు ర్యాంకు వచ్చినంత సంబరపడ్డాడు.

"ఓడిపోయి అంత సంతోషమేంటండీ?"

"నీ చేతిలోనేగా! తర్వాత దేనికి పేరు పెడుతున్నావ్?"

ఆ మాటకు ఆమె గుండె తేలికపడింది.

మర్నాడు ఆయన కళ్ళజోడు మరిచిపోయి వెళ్ళాడు. లైబ్రరీకి పోతూ ఇచ్చేద్దామని ఆమె షాపు దగ్గర ఆగింది. ఆరబెట్టిన బోర్డుల చాటునుంచి ఆయన గొంతు వినిపించింది. పక్క జిరాక్స్ షాపాయనతో గొప్పలు పోతున్నాడు.

"మా ఆవిడ పెట్టిన పేరే ఖాయమైందండీ, కథల వికీలో. మామూలు వాదన కాదు. అన్ని రోజులూ నాతోనే వాదించింది!"

ఆమెకు నవ్వొచ్చింది. బోర్డులు తప్పించుకుని లోపలికి వెళ్ళబోయింది. అంతలో ఆయన గొంతు బాగా తగ్గించాడు.

"ఇంతకీ మాస్టారూ, ఈ వికీ అంటే ఏంటండీ?"